రక్తం ఆగిన చిగుళ్ళు

నా కింది వరసలో ముందరి పళ్ళు రెండు లేవు. మిగిలినవి ఉన్నాయి. ఉన్నాయని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ రెండూ ఎందుకు పోయాయో, ఎవరి మాటల వల్ల పోయాయో చెప్పడానికి కూడా. జబ్బు తగ్గాక అందరినీ క్షమించాలంటారు. జబ్బు తగ్గింది. నేను క్షమించలేదు.

మాది కర్ణాటకలో, రాయచూరు పక్కన యరగేర దగ్గర ఒక పల్లె. నా పుట్టిల్లు గద్వాల దిక్కు. అక్కడే ఇంటర్ దాకా చదువుకున్నాను. ఇక్కడ సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. నాతో పాటు వండేది మా మరిది భార్య సుజాత. ఇల్లూ ఒకటే, పొయ్యీ ఒకటే, బడీ ఒకటే కాబట్టి ఆమె నోటి నుంచి తప్పించుకునే చోటు నాకు లేదు. అందరి మీదా పెద్ద మా అత్త.

మా ఇంట్లో ఆడవాళ్ళు పొద్దున్నే పళ్ళు తోముకునేది మిశ్రితో. పొగాకును రొట్టెల పెనం మీద నల్లగా మాడ్చి, దంచి, బట్టలో జల్లించిన పొడి అది. మా అత్తే చేస్తుంది. పెనం మీద నుంచి పొగ లేస్తే కోడళ్ళం దగ్గుతాం, ఆమె దగ్గదు. కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని చిగుళ్ళకు రుద్దితే నాకు తల తిరిగి గోడ పట్టుకునేదాన్ని. ఆ తర్వాత అది పడకపోతే పొద్దు తెల్లవారినట్టే ఉండేది కాదు.

ఉగాది దాటాక ఒక పొద్దున జొన్నరొట్టె కొరికితే కొరికిన చోట ఎర్రగా కనిపించింది. మిరపకాయ తొక్కనుకున్నాను. మరుసటి రోజు కూడా అదే. అత్తకు చూపించాను.

"ఏం గాలేదే. మిశ్రి తక్కువ పెడుతున్నవ్. జర ఒత్తి పెట్టు, నీళ్ళు పొయ్యకు, గట్లనే ఉండనీ" అంది.

ఒత్తి పెట్టాను. నాలుగైదు రోజుల్లో రక్తం ఆగిపోయింది. అత్త గెలిచిన ముఖంతో నన్ను చూసింది. నేను కూడా ఆమె చేతికి దండం పెట్టినంత పని చేశాను. నా పళ్ళకు జరిగిన అన్యాయమంతా ఆ రోజు మొదలైంది. ఎందుకో వెనక చెబుతాను. నాకు కూడా వెనకే తెలిసింది.

రక్తం ఆగింది గానీ వాసన మొదలైంది. పొద్దున లేస్తే నోట్లో తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉండేది. ఆ వాసన నాకంటే ముందు మిగతావాళ్ళకు తెలిసింది. నేను మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు మెల్లగా పక్కకు తిరగడం, కొంగు ముక్కు దగ్గరికి పోవడం, అదేదో చెమట తుడుచుకోవడానికన్నట్టు నటించడం, ఇవన్నీ ఒక్కొక్కటీ గుర్తున్నాయి. ఎవరెవరు ఎక్కడ నిలబడి తిరిగారో ఇప్పటికీ చూపించగలను.

బడి వంటగదిలో ఒకరోజు పొయ్యి రాజుకోకపోతే నేను గొట్టం తీసుకున్నాను. సుజాత పక్కనున్న టీచరమ్మ వినేలా అంది: "వద్దక్కా, నువ్వు ఊదకు. నిప్పు గూడ ముక్కు మూసుకుంటది."

టీచరమ్మ నవ్వింది. సుజాత మళ్ళీ "తమాషకన్ననక్కా" అని నా భుజం తట్టింది. తట్టిన చెయ్యి తర్వాత పైట చెంగుకు తుడుచుకుంది.

ఆ వారంలోనే హెడ్మాస్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "సావిత్రమ్మా, తప్పనుకోవద్దు. వడ్డించేటప్పుడు మూతికి బట్ట కట్టుకో."

"ఎవరన్నరు సార్?"

"ఎవరో అన్నారులే. పిల్లల కోసం."

వంటగదిలోకి చూశాను. సుజాత అన్నం వండే గంజు లోపలికి తల పెట్టి మరీ తోముతోంది. ఆమె ఆ గంజును అంత శ్రద్ధగా తోమడం అదే మొదలు, అదే చివర.

మా ఆయన హనుమంతు సంగతి కూడా చెప్పాలి. మాట తక్కువ మనిషి. ఒక సాయంత్రం రాయచూరు నుంచి వస్తూ యాలకుల పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళలో అడగకుండా ఏదీ తెచ్చినవాడు కాదు. నా కళ్ళు తడిశాయి కూడా. అప్పుడన్నాడు: "బయటికి పోయేటప్పుడు నోట్లేసుకో. నలుగురిల నా ఇజ్జత్ పోతుంది."

ఆ యాలకులు పాయసంలో వేసి అందరికీ పెట్టాను.

*

ముంగారు వానలు పడి కంది విత్తనాలు వేసే రోజులు. కింది ముందరి పన్ను ఒకటి నాలుకతో తోస్తే కదిలింది. భయం అంటే అప్పుడు తెలిసింది. నాకు ఒకటే కోరిక: నా పళ్ళు నాకు ఉండాలి. మా దిక్కు పళ్ళు పోయిన ఆడదాన్ని వయసుతో పనిలేకుండా ముసలిదని పిలుస్తారు. జొన్నరొట్టె పాలల్లో నానేసి పక్కకు నెడతారు. ఆమె ముందు మాట్లాడేటప్పుడు గొంతు పెంచుతారు, పళ్ళు పోతే చెవులు కూడా పోతాయన్నట్టు. నాకు అప్పటికి నలభై అయిదు కూడా లేవు.

ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి రాయచూరులో పళ్ళ దవాఖానకు వెళ్ళాను. పెద్ద హాలు, ఇనుప కుర్చీలు, అందరూ దవడ పట్టుకుని ఒకే దేవుడికి మొక్కుతున్నట్టు కూర్చున్నారు. నేను అలవాటుగా మూతికి కొంగు అడ్డం పెట్టుకుని ఎవరికీ ఆనకుండా గోడ వారన నిలబడ్డాను. దేవదుర్గ నుంచి వచ్చిన ఒక ముసలాయన తన పక్క కుర్చీ తట్టాడు.

"కూసో తల్లీ. ఈడ అందరి నోళ్ళు కంపే. ఎవరు ఎవర్ని అంటరు?"

కూర్చున్నాను. బెంగళూరులో కట్టడాల పనికి పోయి పోయి, నొప్పి వచ్చినప్పుడల్లా ఒక్కో పన్ను పీకించుకుని, ఇప్పుడు కట్టుడు పళ్ళ కోసం వచ్చానని చెప్పాడు. "ఒక్కటే కష్టం తల్లీ. మేస్త్రి మీద కోపమొస్తే కొరకనీకె పండ్లు లేవు" అని బోసినోటితో నవ్వాడు. నన్ను పేరు పిలిచేసరికి నా సంచి తను పట్టుకుని "పో, నేనిడ్నే ఉంట" అన్నాడు. ఆ ఏడాది మొత్తంలో నా నుంచి ముఖం తిప్పుకోకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయన. పేరు అడగలేదు.

డాక్టరమ్మ చిన్న వయసుది. కన్నడం మనిషి, తెలుగు కూడబలుక్కుని మాట్లాడింది. సన్నటి కడ్డీ తీసుకుని పన్నుకూ చిగురుకూ మధ్య దించింది. అది దిగుతూనే ఉంది. అంత లోతు నా చిగుళ్ళలో ఉందని నాకు తెలియదు.

"మాత్రలియ్యండి డాక్టరమ్మా. పుక్కిలించే మందన్న ఇయ్యండి" అన్నాను.

"మీ ఇంట్లో నీళ్ళ తొట్టి ఉందా అమ్మా?"

"ఉంది."

"లోపల గోడకు పాకుడు పడుతుంది కదా. నీళ్ళు మారిస్తే పోతుందా? మందు నీళ్ళు పోస్తే పోతుందా?"

"పోదు. కొబ్బరి పీచుతో రుద్దాలె."

"హా. ఇదీ అట్లే. పళ్ళ మీద క్రిములు గుంపుగా చేరి జిగురు పొర కట్టుకుంటాయి. మందు పైపైన పోతుంది, జిగురు లోపలికి పోదు. వాటిని గీకి విడదీయాలి. మీకు ఆ పొర చిగురు కిందికి దిగి రాయి లెక్క గట్టి పడింది. నాలుగు సార్లు రండి, ఒక్కో పక్క తీస్తాను. మిశ్రి బంద్ చెయ్యండి."

అంతే చెప్పింది. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి. మిశ్రి బంద్ చెయ్యండి. దాని తర్వాత ఇంకొక మాట ఉండాల్సింది. ఆమె చెప్పలేదు.

ఆ రోజే ఒక పక్క గీకింది. సూది వేశాక నా పెదవి నాది కానట్టు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు వేలాడింది. నొప్పి లేదు, చప్పుడు ఉంది. నా పుర్రె లోపల కూర్చుని ఎవరో మాడిన పాలగిన్నె గీకుతున్నట్టు. బయటికి వచ్చిన పెచ్చులు పళ్ళెంలో చూశాను. నల్లగా, పొయ్యి అడుగున గడ్డకట్టిన మసిలా ఉన్నాయి. ఇవి నోట్లో పెట్టుకునా నేను ఇన్నాళ్ళు అన్నం తిన్నది అనిపించింది.

*

మిశ్రి మానేశాను. ఇంటికి చెప్పక తప్పలేదు.

మానేసిన కొద్ది రోజులకే రక్తం మళ్ళీ మొదలైంది. మునుపటిలా చుక్క కాదు. ఉమ్మితే ఎరుపు, పుక్కిలిస్తే ఎరుపు, లేచేసరికి తలగడ మీద ఎరుపు. గీకించుకున్న పక్కనే కాదు, ఇంకా చెయ్యి పెట్టని పక్కన కూడా. దానికి తోడు గీకిన చోట వాపు దిగి చిగురు కిందికి జారింది. పళ్ళు పొడవుగా కనిపించాయి, మధ్యలో సందులు తేలాయి. చల్లనీళ్ళు తాగితే ప్రాణం నెత్తికెక్కేది. కదిలే పన్ను ఇంకా ఎక్కువ కదులుతున్నట్టు తోచింది.

ఇంట్లోవాళ్ళకు పండగ వచ్చినట్టయింది.

అత్త నన్ను గుమ్మంలో వెలుతురుకు కూర్చోబెట్టి నోరు తెరిపించింది. "సూడరాదా హనుమంతు, నీ పెండ్లాం చేసుకున్న పని. పండ్లకు పట్టిన గారనే వాటికి మట్టి. రాళ్ళ గోడల మట్టి తోడేస్తే రాయి నిలుస్తదా? ఆ పిల్ల డాక్టరు ఊడబెరికి పంపిచ్చింది."

"క్రిములంట అత్తా. జిగురు కట్టుకుని ఉంటయంట" అన్నాను.

"నోట్ల క్రిములు లేనోళ్ళెవరే? నాకు లేవా? ఇగో." తన నోరు తెరిచింది. డెబ్బై దగ్గర పడిన మనిషి. నల్లటి పళ్ళు, చీమల బారులా, ఒక్కటీ తప్పకుండా నిలబడి ఉన్నాయి. నేను ఎంత వాదించినా ఆ పళ్ళ ముందు నా మాట నిలవలేదు.

సుజాత పక్క నుంచి, "అక్క సదువుకున్నది కద అత్తా. మన మాట ఎట్ల ఇంటది? సుమ్నే ఉండు, ఏం అనకు" అంది.

మా ఆయన తీర్పు చెప్పాడు. "ఇగ ఆడికి పోవద్దు. ఉన్నయన్న ఉండనీ."

రెండు వారాలు తట్టుకున్నాను. ఒకరోజు బడిలో పిల్లలకు వడ్డిస్తుంటే కట్టుకున్న బట్ట మీద ఎర్రటి మరక తేలింది. ముందు వరసలో పాప చూసి కంచం వదిలి లేచిపోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా అత్త ముందు కూర్చుని నోరు తెరిచాను. ఆమె తన వేలితోనే మిశ్రి నా చిగుళ్ళకు పట్టించింది. మెల్లగా పట్టించలేదు. కోడలి నోరు మూయించే అవకాశం ఏ అత్తకు అంత సులువుగా దొరుకుతుంది? కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. తల తిరిగింది. చిగుళ్ళు మొద్దుబారి హాయిగా అయింది.

రక్తం ఆగింది. ఇల్లు సల్లబడింది. నాతో అందరూ మంచిగా మాట్లాడారు. నేను డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. తప్పు నాదేనని అనుకునేవాళ్ళు అనుకోండి, నేను మాత్రం అనుకోను. రక్తం కారుతుంటే భయపడని మనిషి ఎవరు? కారడం ఆగితే నయమైందని అనుకోని మనిషి ఎవరు?

*

దసరా నాడు జమ్మి ఆకు పంచుకుని అందరం తినడానికి కూర్చున్నాం. భక్ష్యం. రొట్టె కాదు, ఎముక కాదు, నెయ్యిలో ముంచిన మెత్తటి పూర్ణం భక్ష్యం. కొరికితే కింది పన్ను ముందుకు పడుకుంది. వేలితో లేపి నిలబెట్టాను. మళ్ళీ పడుకుంది. దాని పక్కది కూడా దాని వెంట వంగింది. చుక్క రక్తం లేదు.

ఎవరి వైపూ చూడకుండా భక్ష్యం కంచంలో పెట్టి చెయ్యి కడుక్కున్నాను. "ఏమైందే? తీపి సాలలేదా?" అని అత్త అడిగింది. జవాబు చెప్పడానికి నోరు తెరిస్తే పన్ను బయటికి వస్తుందేమోనని ఊరుకున్నాను.

పండగ దాటగానే మళ్ళీ ఆ ఇనుప కుర్చీలు. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. నోరు చూసింది. చూసి, పక్కనున్న అమ్మాయితో కన్నడంలో అంది, ఈ ఊళ్ళవాళ్ళు ఇంతే, చెబితే వినరు అని. "ఇవ్రు హేళిద్రె కేళల్ల."

నాకు ఆ ఏడాదంతా కడుపులో పేరుకున్నది ఒక్కసారి నోటికొచ్చింది. నేనూ కన్నడంలోనే మొదలుపెట్టాను. తర్వాత కోపానికి కన్నడం సరిపోక తెలుగులోకి దిగాను.

"విన్నాను డాక్టరమ్మా. మీరు మిశ్రి బంద్ చేయమంటే బంద్ చేసిన. చేస్తే రక్తం కారి కారి నా బడి పిల్ల అన్నం ఇడిసి లేసిపోయింది. మళ్ళ పెడితే ఆగింది. ఆగింది మంచిదా, కారింది మంచిదా? నాకు ఎవరు చెప్పిండ్రు?"

ఆమె చేతిలో కడ్డీ ఆగిపోయింది. గదిలో మిగతా కుర్చీల దగ్గర వాళ్ళు కూడా ఇటు తిరిగారు. తిరగనీ.

కడ్డీ పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పింది. పొగాకు చిగుళ్ళలో రక్తనాళాలను బిగించేస్తుంది. అందుకే రక్తం రాదు, చిగురు గట్టిగా కనిపిస్తుంది. లోపల ఆ జిగురు పొర కింద ఎముక కరుగుతూనే ఉంటుంది. పొగాకు మానితే నాళాలు తెరుచుకుని దాగి ఉన్న రక్తమంతా బయటపడుతుంది. కొన్నాళ్ళు ఎక్కువగానే వస్తుంది. శుభ్రం చేస్తూ పోతే అదే తగ్గుతుంది.

"అంటే కారింది నయమవుతున్నందుకా?"

"దాచింది బయటికి వచ్చినందుకు. మూసిన మూతి విప్పితే మనిషి అరిచినట్టు."

"ఈ మాట మీరు ఆ దినం చెప్పలేదు."

"చెప్పలేదా?" నా ముఖం చూసింది. "చెప్పాల్సింది అమ్మా."

ఆ మాట అన్నందుకు ఆమె మీద కోపం సగం తగ్గించుకున్నాను. మిగతా సగం ఇప్పటికీ ఉంది. ఆ ఒక్క మాటకు నా పళ్ళు రెండు.

వాటిని ఆ రోజే తీసేసింది. లాగలేదు, కోసిన పూవులా చేతికి వచ్చాయి. ఒళ్ళు జలదరించేది అదే. వేరు చివర దాకా నల్లటి పెచ్చు పట్టి ఉంది. అడిగి కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. ఇంట్లో మా ఆయన కంచం పక్కన విప్పి పెట్టాను.

"ఏందే ఇవి?"

"నీ ఇజ్జత్. తినే ముందు సూసుకో."

ఆయన కంచం జరిపి లేచాడు. అత్త ఒక పన్ను తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. "పాపం" అంది. ఆమె నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. వెంటనే, "నా పండ్లకు గూడ ఇట్లనే ఉంటది, అయినా పోలే. నీ వంశంలనే బలం లేదు" అని కాగితంలో తిరిగి వేసింది.

*

చలికాలమంతా సోమవారాలు బస్సులో తిరిగాను. మిగిలిన మూడు పక్కలూ గీకించుకున్నాను. ఒకచోట చిగురు కోసి తెరిచి లోపల శుభ్రం చేసి కుట్లు వేశారు. ఆ వారం గంజితో బతికాను. ఎవరూ తోడు రాలేదు, నేనూ పిలవలేదు. రక్తం వచ్చింది. తలగడ మీద వచ్చింది, బట్ట మీద వచ్చింది. ఈసారి దాన్ని చూసి భయపడలేదు. సంక్రాంతి దాటేలోగా దానంతటదే సన్నగిల్లింది. శివరాత్రి నాటికి ఉమ్మి తెల్లగా పడింది, మిశ్రి లేకుండా.

పళ్ళ సందుల్లో దూర్చి తిప్పే చిన్న బ్రష్షు ఒకటి ఇచ్చారు, పాలసీసా కడిగే బ్రష్షుకు పిల్లలా ఉంటుంది. రోజూ తిప్పాలి. ఒకరోజు వదిలినా ఆ పొర మళ్ళీ ఇల్లు కట్టుకోవడం మొదలుపెడుతుందట. అంటే ఈ జబ్బు పోయేది కాదు, పెరగనివ్వకుండా చూసుకునేది. మొన్న డాక్టరమ్మ ఆ కడ్డీతో మళ్ళీ కొలిచింది. పై వరస అంతా నిలబడింది. కింద ఆ రెండు తప్ప అన్నీ ఉంటాయంది. మా అత్త పళ్ళెందుకు పోలేదని నేను అడిగితే, అందరి ఒళ్ళూ ఒకటి కాదమ్మా అంది. అంతకంటే అన్యాయమైన జవాబు నేను వినలేదు. నిజమే కావచ్చు.

మీలో ఎవరైనా చిగుళ్ళకు పొగాకు పెట్టేవాళ్ళుంటే, రక్తం రావడం లేదని నిబ్బరంగా ఉండకండి. మానితే కొన్నాళ్ళు రక్తం వస్తుంది. ఇంట్లోవాళ్ళు చుట్టూ చేరి "మేం చెప్పలేదా" అంటారు. వాళ్ళను అననివ్వండి. డాక్టరు దగ్గరికి పోవడం మాత్రం మానకండి.

మొన్న ఆదివారం నీళ్ళ తొట్టి దగ్గర సుజాత ముఖం కడుక్కుంటోంది. నవ్వినప్పుడు చూశాను. కింది చిగురు పాలిపోయి కిందికి దిగింది, పళ్ళ మొదళ్ళు పచ్చగా కనిపిస్తున్నాయి. నాకు బాగా తెలిసిన రూపం అది.

"రక్తమొస్తుందా సుజాతా?"

"లే అక్కా. మొన్న జర వొచ్చింది. అత్త మిశ్రి ఒత్తి పెట్టమన్నది. ఆ కాడికెల్లి ఒక్క సుక్క లే."

"ఆగింది కాబట్టే భయపడాలె. లోపల ఎముకను తింటుంటది. రేపు సోమారం. నాతోని రా, సూపిద్దాం."

ఆమె వెనక్కి తిరిగి ఇంట్లోకి వినపడేలా నవ్వింది. "అత్తా, ఇన్నవా? అక్క జతకు మనిషిని ఎతుకుతుంది. నీ లెక్క బోసిమూతి చేసుకోనీకె నాకేం ఖర్మక్కా!"

సోమవారం ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆమెకు ఒక్కసారి చెప్పాను. నాకు ఆ ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.